వినికిడియు ప్రసాదమే





వీరశైవుడు లింగమునకు అర్పింపక గుక్కెడు నీరైనను త్రాగడు. ఇది మనకు పసితనముననే అబ్బిన ఆచారము. మట్టెవాడలోని మన యిండ్లలో నేటికిని పెద్దలు విస్తరిముందు కూర్చుండి, ఇష్టలింగమును తలచి, అటుపిమ్మటనే ముద్ద నోట పెట్టుకొందురు. అయితే అర్పితమనునది నాలుకకు మాత్రమేనా? షట్స్థల శాస్త్రము అట్లు చెప్పలేదు. ముక్కున ఆచారలింగమును, నాలుకయందు గురులింగమును, కంట శివలింగమును, చర్మమున జంగమలింగమును, చెవియందు ప్రసాదలింగమును, హృదయమున మహాలింగమును నెలకొనియున్నవని పెద్దలు నిర్ణయించిరి. వాసన, రుచి, రూపము, స్పర్శ, శబ్దము, తృప్తి అను ఆరును అర్పింపదగిన పదార్థములే. కనుక చెవి సోకిన మాటయు, కంటబడిన దృశ్యమును ఒక విధమైన భోజనమే. అనర్పితాన్నము తినరాదని యెరిగిన మనము అనర్పిత శబ్దమును ప్రొద్దస్తమానము మ్రింగుచున్నాము. అంతటితో ఆగక దానినే బిడ్డలకును వడ్డించుచున్నాము.

మాటను అర్పించుట యనగా నేమి? సత్యస్వరూపుడైన శివుని యెదుట దానినుంచి, "ఇది నిజమా? ఇది పరులకు మేలు చేయునా?" అని ఒక్క క్షణము నిలిచి విచారించుటయే. ఆ పరీక్షకు నిలిచినది ప్రసాదము. నిలువనిది ఎంగిలి.

తల్లిదండ్రులకు ఈ విచారణ మరింత అవసరము. ఏలనగా బిడ్డకు తల్లిదండ్రుల మాటయే తొలి శాస్త్రము. మన ఓరుగల్లు సీమలోని పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమున గొడగూచి కథ కలదు. ఆమె తండ్రి ఊరికేగుచు, ప్రతిదినమును శివునికి పాలు సమర్పింపుమని కూతునకు అప్పగించెను. ఆ ముగ్ధ దేవుడు నిజముగనే పాలు త్రాగునని నమ్మెను. త్రాగకున్న ఏడ్చెను, బ్రతిమాలెను. శివుడు కరగి ఆ పాలు ఆరగించెను. తండ్రి మరలివచ్చి ఆ మాట విని నమ్మలేదు, కోపించెను. తుదకు శివుడే ఆ బాలను తనలో చేర్చుకొనెను. తండ్రి మాటను బిడ్డ నమ్మినంతగా, బిడ్డ మాటను తండ్రి నమ్మలేకపోయెను. పాలపాత్రతోపాటు తాను బిడ్డ చేతికిచ్చినది నమ్మకమని ఆ తండ్రికి తెలియలేదు. మనము కూడ ప్రతిదినము బిడ్డల చెవిలో ఏదో ఒకటి పోయుచునే యున్నాము. అది పాలా, విషమా అని వారు పరీక్షింపరు. మన చేతినుండి వచ్చినది గనుక పాలే యని నమ్ముదురు.

కాలము కఠినమైనపుడు ఈ బాధ్యత ఇంటి గడప దాటి ఊరి బాధ్యత యగుచున్నది. 2018 మే నెలలో తెలంగాణ పల్లెలలో, పట్టణములలో ఒక వదంతి వ్యాపించెను. పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాప్‌లో దృశ్యములు, మాటలు చేతినుండి చేతికి ప్రాకెను. ఊరికి క్రొత్తవారైన అమాయకులను జనము పట్టి కొట్టిరి. కొందరు ప్రాణములు కోల్పోయిరి. ఇందు మనము కంటతడితో గ్రహింపవలసిన దొకటి కలదు. ఆ మాటను పంపినవారిలో పలువురు దుర్మార్గులు కారు. బిడ్డలు గల తండ్రులు, తల్లులు. బిడ్డలమీది మమకారమే ఆ మంటకు నూనె అయ్యెను. విచారణ లేని ప్రేమ పరుల బిడ్డను చంపగలదని ఆ వేసవి మనకు చూపెను.

అదే వేసవిలో జోగులాంబ గద్వాల జిల్లాలో నాటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి వేరొక మార్గము పట్టిరి. పోలీసులను ఊరూరికి పంపి, డప్పు చాటింపుతోను, జానపద కళాకారుల పాటలతోను, ఆ దృశ్యములు బూటకములని ప్రజల భాషలో చెప్పించిరి. పుకారు ఏ వాడలోనికి పోయెనో, సత్యమును ఆ వాడలోనికే నడచిపోయెను. ఆ సంవత్సరము జులైలో వాట్సాప్ సంస్థయు మన దేశమున ఒక సందేశమును ఒక్కసారి అయిదింటికి మించి పంపరాదని హద్దు పెట్టెను. యంత్రము వ్రేలికి హద్దు పెట్టగలదు గాని, మనస్సునకు హద్దు పెట్టవలసినది ఆచారమే.

బసవేశ్వరుడు ఈ పరీక్షను తనపైననే సాగనిచ్చినాడు. రాజభాండారమును జంగమములకు దోచిపెట్టుచున్నాడని కొండెగాండ్రు బిజ్జలునకు చెప్పిరి. బసవన్న కొండెమునకు కొండెము చెప్పలేదు. భాండారము తెరచి లెక్క చూడుమనెను. లెక్క సరిపోయెను. నింద వచ్చినపుడు కోపింపక లెక్క చూపుట, వార్త వచ్చినపుడు వెఱవక లెక్క అడుగుట, ఈ రెండును బసవమార్గమే.

కరోనా వచ్చిన 2020లో బడులు మూతపడెను. ఆ సెప్టెంబరు 1 నుండి పాఠములు టీ-శాట్‌లోను, దూరదర్శన్ యాదగిరిలోను, ఫోన్లలోను సాగెను. అంతకుముందు ముట్టవద్దన్న ఫోనును మనమే బిడ్డల చేతికిచ్చితిమి. అది ఆనాటి అవసరము, తప్పు కాదు. కాని పాఠముతోపాటు లోకములోని చెత్తయంతయు ఆ ద్వారముననే వచ్చునని ఎరిగియు, ప్రక్కన కూర్చుండక లేచిపోయినది మన తప్పు.

2023 జులై చివరి వానలు మట్టెవాడ మరచిపోలేదు. ఓరుగల్లు పల్లపు కాలనీలు నీట మునిగెను. 29వ తేదీన భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపున గండి పడెను. ఆ దినమున మన పరిచితుడొకనికి, కట్టయంతయు కొట్టుకొనిపోయినదని ఫోనులో సందేశము వచ్చెను. అతడు దానిని పదిమందికి పంపబోవుచుండగా, పదేండ్ల కుమారుడు, "బాపూ, నువ్వు చూసినవా?" అని అడిగెను. తండ్రి సిగ్గుపడి ఫోను క్రింద పెట్టెను. తెలిసినవారిని విచారింపగా, గండి పడినమాట నిజమేగాని, అది ఒక్కచోటనే యనియు, ఇసుక బస్తాలతో పూడ్చుచున్నారనియు తెలిసెను. అప్పుడతడు ఆ పల్లపు వీథులకు పోయి, నడువలేని వృద్ధులను మిట్టకు చేర్చుటలో చేయి కలిపెను. సందేశము పంపియుండినచో పదిమంది భయపడి యుండెడివారు. విచారించుటచేత ఎవరికి చేయూత కావలెనో తెలిసెను. విచారణ యనగా అవిశ్వాసము కాదు. సేవకు దారి చూపు దీపము.

పంచాచారములలో గణాచారమనగా శివనిందను సహింపకుండుట యని చెప్పుదురు. ప్రతి జీవియు శివుని నివాసమైనపుడు, నిరపరాధిపై పడు నిందయు శివనిందయే గదా! దానిని మోసికొనిపోవుట గణాచార భంగము. దానిని మన యింట ఆపివేయుట గణాచార పాలనము.

కావున శరణులారా, మూడు చిన్న నియమములు పాటింతము. భోజనవేళ ఇంట ఫోనులను ప్రక్కనుంచి, ఆనాడు విన్నదానిని బిడ్డలతో కలిసి విచారింతము. తెలియనిదానిని "నాకు తెలియదు, కనుగొందము" అని బిడ్డల యెదుట ఒప్పుకొనుటకు వెనుదీయకుందము. ఆపద వేళ నిజమైన వార్తను, దానివెంట మన కాయమును, అవసరమున్న గడపకు చేర్తము. మొదటిది సదాచారము. రెండవది భృత్యాచారము. మూడవది దాసోహము.

బిడ్డ పుట్టినవెంటనే గురువు వచ్చి లింగధారణ చేయును. ఆ దినమున మనము ఆ మెడలో లింగమును మాత్రమే చూచెదము. ఆ చెవియందును ఒక లింగము కలదని మరువకుందము. అందు పడు ప్రతి మాటయు అభిషేకమే. కలుషజలముతో ఎవరైన అభిషేకము చేయుదురా?