తుప్పు పట్టని రథము

ప్రభువైన యేసు కొండమీద బోధించినప్పుడు భూమిమీద కూర్చుకొను ధనమునకు ముగ్గురు శత్రువులున్నారని చెప్పెను. బట్టకు చిమ్మెట, లోహమునకు తుప్పు, ఇంటికి దొంగ. గలిలయ బెస్తవారికిని రైతులకును ఆ ముగ్గురును బాగుగా ఎరిగినవారే; ఆ మాట వారికి విప్పి చెప్పనక్కరలేకపోయెను.

అయితే 1953వ సంవత్సరము జనవరి మాసమున, న్యూయార్కు నగరమందలి వాల్డార్ఫ్ ఆస్టోరియా అను గొప్ప హోటలులో జరిగిన ప్రదర్శనమున, ఆ ముగ్గురిలో ఒకనిని ఓడించినట్లు కనబడిన వస్తువొకటి జనుల యెదుట నిలిచెను. అది తెల్లని కారు. లోపలి అమరిక యంతయు ఎఱుపు. కూర్చుండుటకు రెండే ఆసనములు. దానికి కార్వెట్ అని పేరు. జనరల్ మోటార్స్ సంస్థలో వాహనముల రూపకల్పనకు అధిపతియైన హార్లీ ఎర్ల్ తలంపున అది పుట్టెను. దాని పైతొడుగు ఇనుప రేకు కాదు. గాజునారను జిగురుతో కలిపి అచ్చుపోసి గట్టిపరచిన ఫైబర్‌గ్లాస్. అది తుప్పు పట్టదు. ఆ యేడు జూన్ 30వ తేదీన మిచిగన్ రాష్ట్రమందలి ఫ్లింట్ పట్టణములో మొదటి బండి తయారై వెలుపలికి వచ్చెను. సంవత్సరాంతమునకు తయారైనవి 300 మాత్రమే. అన్నియు ఒకే తెలుపు, ఒకే ఎఱుపు. మొదటి రెండు మూడేండ్లు అమ్మకము అంతంత మాత్రమే గనుక దానిని మానివేయుదమా యను ఆలోచనయు పుట్టెను. ఆ సంగతి నేడు దానిని వాంఛించువారిలో ఎందరికి జ్ఞాపకమున్నదో!

1963లో దాని రూపము పూర్తిగా మారెను. స్టింగ్ రే అని పేరు పెట్టిరి. ముందటి దీపములు పగటివేళ కన్నులు మూసికొన్నట్లు లోపలికి తిరిగి దాగియుండును. కావలసినప్పుడు మరల తెరచుకొనును. పైకప్పు నడుమ వెన్నెముకవంటి గీటొకటి బయలుదేరి వెనుక అద్దమును రెండుగా చీల్చుచు దిగును. రూపకల్పన అధిపతియైన బిల్ మిచెల్ ఆ వెన్నెముక ఉండితీరవలెననెను. ఇంజనీరైన జోరా ఆర్కస్-డంటోవ్ అది తోలువానికి వెనుకటి దారిని మరుగుచేయుచున్నదని వాదించెను. 1964లో ఇంజనీరు మాటయే నెగ్గి అద్దము ఒకే పలక ఆయెను. కొందరు తమ 1963 బండ్లలోని ఆ చీలికను కోయించి క్రొత్త అద్దమును పెట్టించుకొనిరి కూడ. నేడో, ఆ చీలిక గల బండికే మిక్కిలి వెల! వెనుకకు చూడనీయని లోపముకొరకే మనుష్యులు వెనుకకు చూచుచు ధనము గ్రుమ్మరించుచున్నారు.

ఇప్పుడు ఉపమానమునందువలె ఒక మనుష్యుని తలంచుడి. అట్టివారు ఆ దేశమున అనేకులున్నారు. ఇతడు ఒహాయో రాష్ట్రమందలి ఒక కర్మాగారపు పట్టణమున పుట్టినవాడు. 1963లో పండ్రెండేండ్ల బాలుడు. ఒక సాయంకాలము పోతపనినుండి వచ్చిన తండ్రి చేయి పట్టుకొని కార్ల దుకాణపు అద్దము ముందర నిలువబడెను. తండ్రి బట్టలనుండి ఇనుపపొడి వాసన వచ్చుచుండెను. లోపల ఆ క్రొత్త కారు నిలిచియున్నది. దాని వెల 4,257 డాలర్లు. ఆ యేడు ఆ దేశమున నడితరపు కుటుంబమొకదాని సంవత్సరపు రాబడి సుమారు 6,200 డాలర్లు. తండ్రి చాలసేపు చూచి, “ఎప్పుడో ఒకనాడు మనమును కొందములే, నాన్నా. నీవు తోలుదువు, నేను ప్రక్కను కూర్చుందును” అనెను. ఆరేండ్లకు ఆ తండ్రి మరణించెను. ఆ యేడే, అనగా 1969లో, చంద్రునియొద్దకు వెళ్లిన అపోలో 12 నౌకలోని ముగ్గురు వ్యోమగాములకును ఒకే తీరున బంగారు వన్నె కార్వెట్ కార్లుండెను. పత్రికలో ఆ చిత్రము చూచిన పదునెనిమిదేండ్ల యువకుడు దానిని కత్తిరించి పెట్టెలో దాచుకొనెను.

ఇట్టి వాంఛ పాపమా? తొందరపడి అవునని చెప్పువారు వేదగ్రంథమును తొందరగా చదివినవారే. పదియవ ఆజ్ఞ పొరుగువాని సొత్తును ఆశించుటనుగూర్చి చెప్పుచున్నది. చక్కని పనితనమును చూచి ఆనందించుటను నిషేధించుట లేదు. నిర్గమకాండమున బెసలేలు దేవుని ఆత్మతో నింపబడినది ప్రసంగించుటకు కాదు. బంగారము, వెండి, ఇత్తడి, రత్నములు, కఱ్ఱ వీనితో విచిత్రమైన పనులు చేయుటకే. ఒక వక్రరేఖను చూచి మనస్సు నిలిచిపోవుట సృష్టికర్త పెట్టిన గుణమే. సొలొమోను రథములను ఐగుప్తునుండి ఆరేసి వందల తులముల వెండికి తెప్పించెనని రాజుల మొదటి గ్రంథము వెలతోకూడ వ్రాసియుంచినది. ఆ లెక్క వ్రాసినవానికి కూడ వాని సొగసు తెలిసియే యుండును. ప్రసంగి చెప్పినట్లు దేవుడు నరుల హృదయములో శాశ్వత కాలమును ఉంచియున్నాడు గనుక ఏదో ఒక వస్తువు ఆ లోతును కదిలించును. ఒకనికి కారు, ఒకనికి ఊరిచివర ఐదు సెంట్ల స్థలము, ఒకనికి స్కూటరు కొరకు పేరు నమోదు చేయించుకొని యేండ్ల తరబడి ఎదురుచూచుట. అపాయము అచ్చట లేదు. మరియొక చోట నున్నది.

ఆ మనుష్యుడు పెండ్లి చేసికొనెను; ఒక కుమార్తె, ఒక కుమారుడు కలిగిరి. రెండు ఆసనముల కారు నలుగురున్న ఇంటికి పనికిరాదు. అతడు సొమ్ము కూర్చెను. కూర్చినప్పుడెల్ల అది మరియొక దారిని పోయెను. ఒకమారు ఇంటి కప్పుకు, ఒకమారు కుమార్తె పండ్ల చికిత్సకు, 1997లో కుమారుని కళాశాల జీతమునకు, ఆ పిమ్మట భార్య దీర్ఘవ్యాధికి. ప్రతి మారును అతడు చేయవలసినదే చేసెను. ఒక్కమారైనను కారును ఎంచుకొని ఇంటివారిని విడిచినవాడు కాడు. సంఘములో అతనికి మంచి పేరుండెను. అయితే ఇచ్చిన ప్రతి డాలరును అతడు లోపల వ్రాసికొనుచుండెను. ఒక క్రిస్మస్ పండుగనాడు భార్య అతనికి ఆ కారు బొమ్మ నొకదానిని కొని ఇచ్చెను. ఎగతాళి చేయుచున్నదని తలంచి అతడు ఆ సాయంకాలమంతయు మాటలాడలేదు. కుమారుని కళాశాలకు చెక్కు వ్రాసిన రాత్రి, “నీవు లేకపోయిన యెడల ఆ కారు ఈపాటికి మన వాకిట నుండెడిది” అనెను. నవ్వుచునే అనెను. కుమారుడును నవ్వెను.

లూకా సువార్త 15వ అధ్యాయమున తప్పిపోయిన కుమారునిగూర్చి వేయి ప్రసంగములు వినబడును. పొలమునుండి వచ్చి వాకిట నిలిచిపోయిన పెద్దకుమారునిగూర్చి అంతగా వినబడవు. అతడు ఆజ్ఞ మీరినవాడు కాడు. ఇన్నియేండ్లు సేవ చేసినను తన స్నేహితులతో సంతోషించుటకు ఒక మేకపిల్ల కూడ దొరకలేదని అతని మొర. ఆ మేకపిల్ల లెక్కను అతడు ఎన్నియేండ్లనుండి కడుపులో పెట్టుకొనియుండెనో! పని యంతయు సరియే, చేయి చాచి ఇచ్చుటయు నిజమే. ఇచ్చుచు సణుగుకొనిన హృదయమే ఇంటి బయట నిలిచిపోయెను. ఒహాయో మనుష్యుని దోషము కారును ప్రేమించుటలో లేదు. తాను ప్రేమతో చేసిన దానిని తానే అప్పుగా మార్చి, ఆ అప్పు పత్రమును పిల్లల చేతికిచ్చుటలో నున్నది.

భార్య 2015లో మరణించెను. 2018లో, అరువదియేడవ యేట, అతడు తుదకు కారు కొనెను. చీలిన అద్దము గల 1963 బండికి వలసిన సొమ్ము అతనియొద్ద లేదు. దొరికినది 1964 బండి. రంగు అద్దమువలె మెరయుచుండెను. మరమ్మతు చేయువాడొకడు దానిని పైకెత్తి, లోపలి తివాచీని తొలగించి, ముందటి అద్దపు కంబముల మొదట స్క్రూడ్రైవరుతో పొడిచి చూచెను. మొన లోపలికి దిగెను. ఫైబర్‌గ్లాస్ తొడుగు తుప్పు పట్టదన్నది నిజమే. గాని 1963నుండి ఆ తొడుగును లోపల నిలువబెట్టునది ఒక ఉక్కు చట్రము. దానిని ఆ దేశపు పనివారు పక్షిపంజరమని పిలుతురు. శీతకాలమున మంచు కరుగుటకై రోడ్లమీద చల్లు ఉప్పును, అద్దపు అంచులనుండి ఊరు నీరును చేరి దానిని తినివేయును. వెలుపల ఒక మరకైనను కనబడదు. ఇనుప రేకు కారైతే తన రోగమును తానే చూపించును, ఇది చూపించదు. సున్నము కొట్టిన సమాధులనుగూర్చి ప్రభువు పలికిన మాట ఇచ్చట చదువరికి జ్ఞాపకము రాక మానదు.

పంజరము బాగుచేయించుటకు ఒక యేడు పట్టెను. తరువాత అతడు ఆ కారులో కూర్చుండెను. మోకాళ్లు వంగుట కష్టమాయెను. ఇంజను శబ్దము అతడు తలంచినట్లే యుండెను. అందు ఏ కొరతయు లేదు. పట్టణము దాటి పొలముల నడుమ పోవుచు అతడు ప్రక్క ఆసనమువైపు చూచెను. బాలుడుగా నున్నప్పుడు తండ్రి కూర్చుండెదననిన చోటు అది. యేబదియైదేండ్లు అతడు వాంఛించినది ఎడమవైపు ఆసనమనుకొనెను; నిజముగా వాంఛించినది కుడివైపు ఆసనము నిండుటయే.

ఆ యేడు, అనగా 2019లో, శరత్కాలమున అతడు ఆ కారునే తోలుకొని కెంటకీ రాష్ట్రమందలి బౌలింగ్ గ్రీన్ పట్టణమునకు వెళ్లెను. 1981నుండి కార్వెట్ అచ్చటనే తయారగుచున్నది. 1994లో దానికొక ప్రదర్శనశాలయు కట్టిరి. డంటోవ్ చితాభస్మము ఆ శాలలోనే యున్నది. ఆయన 1909లో బ్రస్సెల్స్‌లో రష్యా దేశపు యూదులైన తల్లిదండ్రులకు పుట్టి, యుద్ధకాలమున ఫ్రాన్సునుండి తప్పించుకొని అమెరికా చేరినవాడు. 1953నాటి ప్రదర్శనములో ఆ తెల్లకారును చూచి ఆ సంస్థకు లేఖ వ్రాసి పనిలో చేరెను. తోలువాని వీపు వెనుక ఇంజనుండు కార్వెట్‌ను చేయవలెనని ఆయన జీవితకాలపు వాంఛ. నమూనాలు చేసెను, అది తయారీకి రాలేదు. 1975లో విరమించెను, 1996లో మృతిపొందెను. ఆయన కోరిన అమరికతో కారు జనుల యెదుటికి వచ్చినది 2019 జూలైలో, ఆ మనుష్యుడు శాలకు వెళ్లుటకు కొన్ని నెలల ముందే. నెబో కొండమీద మోషే చూచినంత మాత్రమైనను డంటోవ్ చూడలేదు. కారును కొనలేకపోయినవాని వాంఛనుగూర్చి అందరును తలంతురు; దానిని చేసినవానికి కూడ తీరని వాంఛ యుండెనని కొందరే తలంతురు.

ఆ శాలలోనే మరియొక గది యున్నది. 2014 ఫిబ్రవరి 12వ తేదీ తెల్లవారకమునుపు, ఒక్క మనుష్యుడును లేని వేళ, ఆ గది నేల క్రుంగి సుమారు 40 అడుగుల వెడల్పు గల గొయ్యి నోరు తెరచెను. ఆ ప్రాంతమంతయు సున్నపురాయి. వాననీరు దానిని కరిగించి భూగర్భమున గుహలు తొలుచును. మామత్ గుహలు అచ్చటికి దగ్గరనే యున్నవి. ఎనిమిది కార్లు లోపలికి పడెను. వానిలో ఒకటి పదిలక్షలవ కార్వెట్. చిమ్మెట గాదు, తుప్పు గాదు, దొంగ గాదు. నాలుగవ శత్రువు నేల క్రిందనే యుండెను. 2018నాటికి మూడింటిని బాగుచేసిరి. బాగుచేయ వీలుకాని ఐదింటిని నలిగిన స్థితిలోనే జనులు చూచుటకై ఉంచిరి. మెరయుచున్న కార్లకంటె ఆ నలిగినవానియొద్దనే జనులు ఎక్కువసేపు నిలుతురని చెప్పినను ఆశ్చర్యము లేదు. అతడును నిలిచెను.

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయమున రథమొకటి యున్నది. ఐతియొపీయుల రాణియొద్ద ధనాగారమంతటిమీద నున్న అధికారి దానిలో కూర్చుండి యెషయా గ్రంథమును చదువుచుండెను. అంతటివానికి రథముండుట తప్పని ఫిలిప్పు అనలేదు, దిగుమనియు చెప్పలేదు. ఆ అధికారియే ఫిలిప్పును ఎక్కి తన ప్రక్కను కూర్చుండుమని వేడుకొనెను. అరణ్యమార్గమున ఒంటరిగా పోవుచున్న రథమున రెండవ చోటు నిండిన తరువాతనే అతనికి గ్రంథము తెరువబడెను.

ప్రదర్శనశాల వెలుపల కారు నిలిపిన చోట ఆ మనుష్యుడు చాలసేపు కూర్చుండి, పిదప కుమారునికి ఫోను చేసెను. కారు సంగతి ఏమియు చెప్పలేదు. 1997లో ఒక రాత్రి తాను పలికిన మాట యొకటి యున్నదనియు, దానిని వెనుకకు తీసికొనవలెననియు చెప్పెను. ఏ మాట అని కుమారుడు అడుగలేదు. కొంతసేపు ఇద్దరును మౌనముగా నుండిరి. తరువాత కుమారుడు, “శనివారము వచ్చెదను, నాన్నా. ప్రక్క ఆసనము ఖాళీగా నున్నదా?” అనెను.