తేలని రిపోర్టు

చెన్నై ఎగ్మూరు హాల్స్ రోడ్డులోని పిల్లల ఆసుపత్రి వరండాల్లో తమిళంతో పాటు తెలుగూ వినపడుతుంది. 1968లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చైల్డ్ హెల్త్‌గా ఏర్పడిన ఆ ఆసుపత్రి, సూళ్లూరుపేట, గూడూరు, పుత్తూరు వైపు నుంచి పిలకాయల్ని ఎత్తుకొచ్చే వాళ్లకు ఇప్పటికీ పెద్ద దిక్కే. ఈ సంవాదంలోని ఇద్దరూ ఫలానా వాళ్లు కారు, అట్లాంటి చోట్ల కూర్చునే చాలామంది మాటల్లోంచి కట్టినవాళ్లు. తల్లిది నాయుడుపేట దగ్గర ఊరు, బడిలో టీచరు. పెదనాయన పెరంబూరులో స్థిరపడిన లెక్కల లెక్చరరు, రిటైరయ్యాడు. బాబుకు మూడున్నరేళ్లు. పట్టుకుంటే నిలబడతాడు, వదిలితే కూలబడతాడు. ఓపీ అయ్యాక ముగ్గురూ పాంథియన్ రోడ్డు మ్యూజియం ఆవరణలో చెట్టు కింద చేరారు. లోపల మన అమరావతి శిల్పాలున్నాయి గానీ, వీళ్లు వాటికోసం రాలేదు.

తల్లి: రిపోర్టు చదివారా పెదనాయనా?

పెదనాయన: చదివాను. ఒక జన్యువులో మార్పు ఉంది, దాని అర్థం ఇంకా తేలలేదు అన్నారు.

తల్లి: అన్ని పేజీల్లో నాకు కావలసింది ఒక్క ముక్క. అదే లేదు. అంత డబ్బు కట్టించుకుని తెలియదని రాసిస్తారా?

పెదనాయన: తెలియదని రాయడానికీ ఒక పద్ధతుందమ్మా. 2015లో అమెరికాలోని జన్యువైద్యులు ఐదు మెట్లు పెట్టారు. ఒక చివర జబ్బు తెచ్చే మార్పు, ఇంకో చివర ఏ హానీ లేనిది. నూటికి 90 పైన నమ్మకం కుదిరితే ‘బహుశా’ అంటారు. ఎటువైపూ అంత కుదరకపోతే నడిమెట్టు. మనవాడిది అక్కడ ఆగింది.

తల్లి: ఎందుకాగింది?

పెదనాయన: పోల్చి చూడటానికి మనలాంటి వాళ్ల వివరాలు తక్కువ. ఇన్నాళ్లూ పోగైన జన్యు సమాచారంలో ఎక్కువ భాగం ఐరోపా మూలాల వాళ్లది. ఇదే మార్పు మన వైపు నిక్షేపంగా తిరుగుతున్న వేలమందిలో కనిపిస్తే, దీనికీ జబ్బుకూ సంబంధం లేదని తీసేయొచ్చు. ఆ వేలమందిని చూసిందెవరు? జీనోమ్ ఇండియా పథకం వాళ్లు సుమారు 10,000 మంది జన్యుక్రమాలు చదివి 2025 జనవరిలో పరిశోధకులకు అందించారు. 140 కోట్ల దేశానికి అది బోణీ. ఇట్లాంటి తేలని మార్పుల్లో తర్వాత తేలినవి ఎక్కువగా హాని లేని వైపే తేలాయి కూడా.

తల్లి: అయితే మంచిదేగా?

పెదనాయన: మార్పు వరకూ మంచిదే. వాడు నడవకపోవడానికి కారణం ఇంకెక్కడో వెతుక్కోవాలి, అంతే.

తల్లి: ఊళ్లో అందరూ ఓదార్చేవాళ్లే. మీ మామకు ఐదేళ్లకు గాని మాటలు రాలేదు, ఇప్పుడు ఆపితే ఆగుతాడా అంటారు.

పెదనాయన: ఆలస్యమై గట్టెక్కినవాడి కథ ఊరంతా తిరుగుతుంది. గట్టెక్కనివాడి కథ ఆ ఇంటి గడప దాటదు. అందుకే ఆ ఓదార్పు లెక్కలోకి రాదు.

తల్లి: మరి ఏ వయసుకు ఏది రావాలో ఆసుపత్రి గోడ మీద పట్టిక ఉంటుందే, అది?

పెదనాయన: అదీ మనుషులు గీసిన గీతే. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో తన పట్టికను సవరించింది. అంతకుముందు సగంమంది పిల్లలు చేయగలిగే వయసు రాసేవాళ్లు. అంటే ఏ లోటూ లేని పిల్లల్లోనూ ఎంతోమంది గీతకు ఇవతలే ఉండిపోయేవాళ్లు. ఇప్పుడు నూటికి 75 మంది చేయగలిగే వయసు పెట్టారు. పిల్లలు మారలేదు, గీత జరిగింది.

తల్లి: మూడున్నరేళ్లకు నడవనివాడికి ఏ గీతైనా ఒకటే పెదనాయనా.

ఈ మాటకు లెక్చరరు దగ్గర జవాబు లేదు. ఉండకూడదు కూడా. కాసేపటికి ఆయన దారి మార్చాడు.

పెదనాయన: ఒకటి అడుగుతాను. జబ్బు పేరు తెలిస్తే రేపు పొద్దున నువ్వు చేసే పనిలో ఏం మారుతుంది? ఫిజియోథెరపీ అదే, స్పీచ్ థెరపీ అదే. ముట్టుకాడులో బహుళ వైకల్యాలున్న వాళ్లకోసం 2005లో కేంద్రం పెట్టిన సంస్థ ఉంది. పేరు తేలేదాకా ఆగి రండి అని అక్కడా అనరు. వికలాంగుల సర్టిఫికెట్టుకు కూడా జన్యువు అక్కర్లేదు. 2016 చట్టం చూసేది వైకల్యం ఎంత శాతమని, 40 ఉంటే చాలు. తెలియనిదాన్ని తెలియనట్టే ఉండనివ్వొచ్చుగా? రేపేమవుతుందో తెలిసే బతుకుతున్నామా ఎవరమైనా?

పెద్దవాళ్లకు ఇష్టమైన వాదన ఇది. ఇట్లాంటి చోట జిడ్డు కృష్ణమూర్తి పేరు కూడా ఎవరో ఒకరు తెస్తారు. మదనపల్లెలో పుట్టిన ఆయన చివరి ప్రసంగాలు ఈ ఊళ్లోనే, గ్రీన్‌వేస్ రోడ్డు వసంత విహార్‌లో, 1986 జనవరిలో జరిగాయి. తెలిసినదాని నుంచి విడుదల గురించి ఆయన జీవితమంతా మాట్లాడారు. వినడానికి వచ్చినవాళ్లలో రెండో కాన్పు గురించి ఆ నెలలోనే తేల్చుకోవలసిన వాళ్లు ఎందరున్నారో గానీ.

తల్లి: ఒకటి మారుతుంది పెదనాయనా. రెండో బిడ్డ.

పెదనాయన: ...

తల్లి: నేను చేసుకుంది మేనబావను. జబ్బు ఇద్దరి నుంచీ కలిసి వచ్చే రకమైతే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒకటి. మొదటివాడికి వచ్చింది కాబట్టి తర్వాత ముగ్గురికీ రాదనుకోవద్దు, ప్రతిసారీ కొత్తగా నాలుగింట ఒకటేనని డాక్టరమ్మ చెప్పింది. పుట్టే బిడ్డకు పావు వంతు జబ్బు రాదుగా, వస్తే మొత్తంగా వస్తుంది. అదే, వీడిలోనే కొత్తగా పుట్టిన మార్పైతే ఆ భయం చాలామటుకు పోతుంది. పేరు ఖాయమైతే కడుపులో ఉన్నప్పుడే పరీక్ష చేయొచ్చు. ఈ తేలని మార్పును నమ్ముకుని మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోకూడదట. తెలియకుండా బతకమంటున్నారు. నా మటుకు అది కనకుండా ఉండిపోవడమో, కళ్లు మూసుకుని కనడమో. మూడో దారి ఉంటే చెప్పండి.

పెదనాయన: అది నాకు తట్టలేదమ్మా.

తల్లి: తట్టకపోవడానికీ కారణం ఉంది. తెలియకపోవడం అందరికీ ఒక్కతీరుగా ఉండదు. గ్రహణం రోజు బయటికొచ్చానంటుంది అత్త. మేనరికం తెచ్చిన చేటు అంటుంది అమ్మ. ఆ సంబంధం కుదిర్చింది మీరు. ఒక పక్క మీ చెల్లెలు, ఒక పక్క మీ తమ్ముడు. ఎటూ తేలకుండా ఉంటే అందరి మధ్యా మాటలుంటాయి. తేలకపోవడం మీకు సుఖం.

పెదనాయన: అది మనసులో పెట్టుకుని మాట్లాడలేదు. అట్లా కాదని ప్రమాణం కూడా చేయలేను. కానీ మేనరికాలు మనింట్లోనే జరిగాయా? ఇటు ఆంధ్రలో, అటు తమిళనాడులో సుమారు నాలుగో వంతు పెళ్లిళ్లు దగ్గరి బంధువుల మధ్యవే. వాళ్ల పిల్లల్లో ఎక్కువమంది బాగానే ఉన్నారు.

తల్లి: ఇప్పుడు మీరు చెబుతున్నది గట్టెక్కినవాళ్ల కథ.

ఆయనకు నవ్వొచ్చింది. తన పాఠం తనకే అప్పజెప్పిన శిష్యురాలిని చూసి వచ్చే నవ్వు.

పెదనాయన: తల్లి మీద నెట్టడం మా చెల్లెలితో మొదలు కాలేదులే. ఆటిజాన్ని లియో కానర్ మొదట వివరంగా రాసింది 1943లో. ఆ తర్వాత చాలా ఏళ్లు, తల్లి దగ్గరికి తీయకపోవడం వల్లే పిల్లలు అట్లా అవుతారని పెద్ద పెద్ద డాక్టర్లే నమ్మారు. ఆటిజం ఉన్న కొడుకును పెంచుతున్న బెర్నార్డ్ రిమ్లాండ్ అనే తండ్రి 1964లో పుస్తకం రాసి, కారణం మెదడులో వెతకండి, తల్లిలో కాదు అన్నాడు.

తల్లి: ఆయన చేతిలో ఒక పేరుంది, దాన్ని పట్టుకుని కొట్లాడాడు. నాకు కొట్లాడటానికి కూడా పేరు లేదు. 2021లో అరుదైన జబ్బుల పాలసీ వచ్చింది, తర్వాత 50 లక్షల దాకా సాయం అన్నారు. జాబితాలో పేరున్న జబ్బుకే గదా అది. పేరు లేనివాడిని ఏ వరసలో నిలబెట్టను?

బాబు ఇంతసేపూ స్టీలు టిఫిన్ డబ్బా మూతతో తంటాలు పడుతున్నాడు. బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుని ఉంది. వేళ్లతో పట్టు దొరక్క అరచేత్తో అదిమాడు. మూత పక్కకు జారింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ అదిమాడు. టక్కుమంది.

తల్లి: చూశారా, ఆ వేలు. దాన్ని గమనిస్తూ ఉండమంది ఫిజియో అమ్మాయి.

పెదనాయన: నేను మూత పెట్టడం చూశాను.

తల్లి: అదీ నా గతి. పొద్దస్తమానం వీడిలో లక్షణాలు వెతుకుతాను. నిద్రలో ఉలిక్కిపడితే లక్షణం, ఊరికే నవ్వితే లక్షణం. మూత పెట్టడం నేర్చుకున్నాడని చాలా రోజులకు గాని నాకే తెలియలేదు. నేర్పింది కూడా నేనే. పేరు తేలిందాకా వీడిని ఇట్లాగే చూస్తానేమోనని భయం.

పెదనాయన: తేలాక మానేస్తావా?

తల్లి: ఏమో. అప్పుడు ఆ పేరుకు చెందిన లక్షణాలు వెతుకుతానేమో.

పెదనాయన: మీ ఇద్దరి రక్తమూ ఇమ్మన్నారుగా. ఇస్తున్నారా?

తల్లి: ఇస్తాం. ఆ మార్పు ఇద్దరి దగ్గర్నుంచీ వచ్చిందా లేదా అన్నది తెలుస్తుంది. జబ్బు దానివల్లేనా అన్నది అప్పటికీ తేలదట.

పెదనాయన: తేలదని తెలిసీ ఇస్తారా?

తల్లి: కొత్త వివరాలు వచ్చినప్పుడు పాత రిపోర్టు మళ్లీ తీసి చూడొచ్చన్నారు. ఆ రోజుకు మావి కూడా ఫైల్లో ఉండాలి. అత్తకు ఇంకా చెప్పలేదు. మీరే ఫోన్ చేయండి.

పెదనాయన: ఏమని చెప్పను?

తల్లి: ఉన్నదున్నట్టు చెప్పండి. జబ్బు సంగతి ఇంకా తేలలేదు, గ్రహణం సంగతి మాత్రం తేలిపోయిందని.