ఇచ్చినది కిడ్నీయా, ప్రాణమా?



చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో స్థిరపడిన మనవారికి కిడ్నీలు చెడిపోతే బెంగళూరు గాని, వెల్లూరు గాని వెళ్లుట వాడుక. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1971లోనే కిడ్నీ మార్పిడి విజయవంతముగా జరిగినది. తల్లి, తండ్రి, తోబుట్టువు, భార్య, భర్త కిడ్నీ ఇచ్చుటకు 1994 నాటి అవయవ మార్పిడి చట్టము అనుమతించుచున్నది. ఈ దానము వెనుక ఒక కఠినమైన ప్రశ్న ఉన్నది. దానిని మనము ముందుగానే ఆలోచించుకొనుట మేలు.

కొత్త కిడ్నీని శరీరము పరాయిదని ఎంచి తిరస్కరించకుండ, రోగనిరోధక శక్తిని అణచు మాత్రలు వాడవలెను. 1954లో బోస్టన్ నగరములో జరిగిన మొదటి విజయవంతమైన మార్పిడి ఒకే రూపముగల కవల సోదరుల మధ్య గనుక వారికి ఈ మాత్రల అవసరము లేకపోయినది. మిగిలినవారికి తప్పదు. పెద్దవారిలో నూటికి తొంబైమందికి పైగా ఎప్‌స్టీన్-బార్ అను వైరస్ ఒంటిలో అణగియుండును. మాత్రల వలన శరీరపు కాపుదల బలహీనపడినప్పుడు, కొందరిలో ఈ వైరస్ ప్రేరణతో ఒక రకము తెల్ల రక్తకణాలు అదుపు తప్పి పెరుగును. ఇది లింఫోమా అను రక్త క్యాన్సర్‌గా మారవచ్చును. కిడ్నీ మార్పిడి జరిగినవారిలో నూటికి సుమారు ఒకరిద్దరికే ఇది వచ్చును. అయినను వచ్చిన ఇంటికి అది చిన్న సంగతి కాదు.

ఒక తల్లి తన కుమారునికి కిడ్నీ ఇచ్చినదనుకొందము. కొన్నాళ్లకు అతని మెడలో గడ్డ కనబడినది. వైద్యులు మొదట చేయునది సాధారణముగా ఆ మాత్రలు తగ్గించుట. అట్లు తగ్గించినప్పుడు కొందరిలో గడ్డలు కరిగిపోవుననని 1984లో థామస్ స్టార్జల్, ఆయన సహవైద్యులు ప్రకటించిరి. అది చాలనివారికి కీమోథెరపీ వంటి చికిత్సలు ఉన్నవి. అయితే మాత్రలు తగ్గితే శరీరము కిడ్నీని తిరస్కరించవచ్చును. అప్పుడు కుమారుడు, "అమ్మ కోసి ఇచ్చినదానిని పోగొట్టుకొనుటకు నాకేమి హక్కు?" అని వెనుకాడవచ్చును.

దాచిపెట్టుమని ఇచ్చిన సొమ్ము వేరు, దానము వేరు. దాచిన సొమ్మును ఉన్నది ఉన్నట్లు తిరిగి అప్పగించవలెను. తల్లి ఇచ్చినది కిడ్నీని భద్రపరచుమని కాదు, బిడ్డ బ్రదుకవలెనని. కిడ్నీ పోతే డయాలిసిస్ ఉన్నది; క్యాన్సర్ నయమైన తరువాత కొందరికి మరల మార్పిడి కూడ సాధ్యము. ప్రాణము పోతే ఆమె దానములో మిగులునదేమి? ఆమెకు కలుగు దుఃఖము నిజమే. జరుగుచున్నదంతయు ఆమెకు చెప్పవలెను. అయితే ఆ దుఃఖము కుమారుని చికిత్సకు అడ్డు కారాదు.

ఆ వైరస్ ఇదివరకు సోకని పసివారికి, దాత కిడ్నీతో పాటే అది రావచ్చును. అంతమాత్రాన తల్లి దోషి కాదు. తెలియక, ప్రేమతో చేసినది నేరము కానేరదు.

"ముందే చెబితే భయపడుదురు" అని మన పెద్దలు దాచుదురు. కాని కలుగగల ప్రమాదములన్నియు దాతకును, గ్రహీతకును వివరించవలెనని 1994 చట్టమే వైద్యులను ఆదేశించుచున్నది. అది న్యాయము. తెలిసినవాడే మెడలో, చంకలో, గజ్జలో గడ్డను, తగ్గని జ్వరమును, రాత్రి చెమటలను, బరువు తగ్గుటను గుర్తించి త్వరగా వైద్యుని వద్దకు వెళ్లును. మాత్రలను మాత్రము ఎవరును సొంతముగా తగ్గించరాదు, మానరాదు.

సంఘస్థులమైన మనకును ఒక బాధ్యత ఉన్నది. అట్టి ఇంటికి పరామర్శకు వెళ్లినప్పుడు "తల్లి ఇచ్చిన కిడ్నీ వృథా అయ్యెనే" అని అనవద్దు. ఆ కిడ్నీ పనిచేసిన ప్రతి దినము అతడు బ్రదికినాడు. అది వృథా కాదు.