ముందుగా వేసికొన్న చందా

చదివింపుల పుస్తకము లేని తెలుగు ఇల్లు మన మత్తూరు ప్రాంతమున అరుదు. పెండ్లికి ఎవరు ఎంత చదివించిరో అందులో వ్రాసి యుండును. వారి యింట శుభకార్యము వచ్చిననాడు దానిని చూచియే తిరిగి చదివింతుము. గుమాస్తా పనిలో జీవితము గడపినవారము గనుక ఆ పద్దు మాకు మిక్కిలి ఇష్టము.

ఇప్పుడు సెల్‌ఫోనులో మఱియొక విధమైన చదివింపులు వచ్చినవి. విదేశమునకు పోయి జబ్బుపడినవారి ఫొటోయు, ఆసుపత్రి బిల్లును వచ్చును. తోచినంత పంపుడని వేడుదురు. మాకు బావ వరుసైన ఒక పెద్దాయన కుమారుని చూచుటకు అమెరికా వెళ్ళిరి. బీమా తీసికొమ్మని మేము ముందే చెప్పితిమి. "మూడు నెలలకు ఏమవుతాది బావా, దుడ్డు దండగ" అని నవ్విరి. మనుమరాండ్రకు చేయించిన నగలు మాత్రము వారికి దండగగా తోచలేదు! అచట గుండెనొప్పి వచ్చినది. చందాకై ఇంటింటికి కబురు వచ్చినది. మన వీధిలో పాలుపోయు తల్లి 200 రూపాయలు ఇచ్చినది; ఆమె విమానమెక్కి యెరుగదు. మేమును ఇచ్చితిమి, లోలోపల గొణుగుకొనుచు. ఆ గొణుగుడు తప్పా యని చాలదినములు ఆలోచించితిమి.

బీమా యనగా ఒకరినొకరు ఎరుగని వేలమంది ముందుగానే వేసికొన్న చందాయే గదా. స్థోమత యుండియు అందులో చేరనివాడు ఇతరుల కష్టమునకు తాను వేయవలసిన పాలును మిగుల్చుకొన్నట్లే. అట్టివాడు పిమ్మట పాలమ్మ సొమ్ము కోరుట న్యాయము కాదు. మాట కఠినమే, అయినను వెనుకకు తీసికొనము. అట్లని మంచముమీది రోగిని విచారణ చేయరాదు. ఇచ్చి గొణుగవచ్చును, గొణిగి ఇయ్యకుండుట తప్పు.

అందరును మా బావగారి వంటివారు కారు. వయసు మీరినవారికి ప్రీమియము హెచ్చు. ముందునుండి యున్న జబ్బులను పెక్కు పాలసీలు మినహాయించును. షెంగెన్ దేశములు 30,000 యూరోల బీమా చూపనిదే సందర్శకులకు వీసా ఈయవు. అమెరికాకు అట్టి నిర్బంధము లేదు.

ఇక పొట్టకూటికై పోయినవారి సంగతి వేరు. 2020 ఏప్రిల్‌లో జగిత్యాల జిల్లా కార్మికుడొకడు కరోనాతో దుబాయి ఆసుపత్రిలో చేరెను. 80 దినముల చికిత్సకు బిల్లు 7,62,555 దిర్హములు, అనగా సుమారు 1 కోటి 52 లక్షల రూపాయలు. భారత కాన్సులేటువారు ఉత్తరము వ్రాయగా ఆసుపత్రివారు మొత్తమును మాఫీ చేసిరి. జూలైలో అతడు స్వదేశము చేరెను. ఎమిగ్రేషను అనుమతిపై గల్ఫునకు పోవు కూలీలకు ప్రవాసీ భారతీయ బీమా యోజన నిర్బంధము. 2017లో సవరించిన ఆ పథకమున రెండేండ్లకు ప్రీమియము 275 రూపాయలే. ప్రమాదమున మరణించినచో 10 లక్షలు వచ్చును గాని, వైద్యమునకు లక్ష మాత్రమే. కోటిన్నర బిల్లుకు ఆ లక్ష ఏ మూలకు? అట్టివానిని బాధ్యత లేనివాడనుటకు మాకు నోరు రాదు.

బావగారు కోలుకొని తిరిగి వచ్చిరి. దాతల పట్టీ తెచ్చి మా ముందుంచిరి. సగము వరుసలలో పేరులే లేవు. "వీళ్ళ ఇంట్లో పెండ్లి ఎప్పుడో నాకెట్ల తెలిసేది బావా?" అని యడిగిరి. మొన్న మన వీధి ముసలమ్మ కూతురి వద్దకు సింగపూరు బయలుదేరినప్పుడు, ఆమె బీమా కాగితములు నింపించుటకు వారే మమ్ము వెంటబెట్టుకొని పోయిరి. ప్రీమియములో సగము తమ జేబునుండి తీసి యిచ్చిరి.