పనికిరాని చేప ఎవరికి?

కొరమీను తెలంగాణ రాష్ట్ర చేప. కానీ బొచ్చె, శీలావతి పిల్లలను వదలబోయే చెరువులో అదే కొరమీను పనికిరాని చేప. పిల్లలను మింగేస్తుంది కదా! మార్పు, జెల్ల సంగతీ అంతే. ఎవరినీ మింగని పరిగెలు కూడా మేత పంచుకుంటాయని ఆ జాబితాలో చేరాయి.

చెరువును ఎండగట్టడం కుదరనప్పుడు వీటిని చంపడానికి వాడమనేది మన ఇప్పచెక్కనే. మీటరు లోతు నీళ్లున్న హెక్టారు చెరువుకు సుమారు 2,500 కిలోలు వేయాలి. అందులోని సపోనిన్ చేప రక్తంలోని ఎర్రకణాలను చిట్లగొడుతుంది. రెండు మూడు వారాలకు విషం విరిగిపోయి, చెక్క చెరువుకే ఎరువవుతుంది. చచ్చిన చేపలను తినొచ్చు కూడా. అడవిలో మంగకాయలు దంచి మడుగులో కలిపిన మన పెద్దలకు ఇందులో వింతేమీ కనిపించదు.

అందుకే మన యువకులు కొందరు "ఆకు మందు మంచిది, సీసా మందు చెడ్డది" అని తేల్చేస్తారు. సీసా మందు సంగతి నిజమే. 2011లో సుప్రీంకోర్టు ఆపేసిన ఎండోసల్ఫాన్ లాంటి పురుగుమందును వాగులో పోస్తే చేపతోపాటు రొయ్య, పురుగు, అన్నీ పోతాయి. ఆ నీళ్లే పశువులు తాగుతాయి. కానీ మొక్క నుంచి వచ్చిందల్లా అమాయకమైనదా? రోటెనోన్ కూడా తీగల వేళ్లలోనిదే. ఒంట్లోని కణాలు ప్రాణవాయువును వాడుకోకుండా చేసి చంపుతుంది. మంగకాయకు గుడ్లతో ఉన్న చేప, కూరకొచ్చే చేప అనే తేడా తెలియదు. 1897 నాటి మత్స్య చట్టం కూడా నీళ్లలో విషం కలపొద్దంటుంది గానీ, ఆకుదా సీసాదా అని అడగదు.

నాకు తేడా మందులో కన్నా మనుషుల్లో కనిపిస్తుంది. ఎండాకాలం వాగు తెగి మిగిలిన మడుగు దగ్గర ఊరంతా నిలబడి పట్టి పంచుకోవడం ఒకటి. పారే నీళ్లలో రాత్రిపూట ఒక్కడు పోసి, పొద్దున్నే ఏరుకుపోవడం ఇంకొకటి. రెండోవాడు కింది ఊరిని అడగలేదు.

చెరువులోనూ అదే ప్రశ్న. బొచ్చె పట్నానికి పోతుంది. ముల్లుతో సహా నమిలి తినే పరిగె మన పిల్లల కంచంలోకి వస్తుంది. అది పనికిరానిదని రాసినవాళ్లు చిన్న వలలతో దిగే ఆడవాళ్లను అడిగారా? ఊరి చెరువైతే చెక్క వేసే ముందు నాలుగైదుసార్లు వల ఈడ్వనిస్తే చాలు, ఆ రోజు ప్రతి ఇంట్లో పులుసు ఉడుకుతుంది.