నేలపై నిలిచి వేటాడువాడు నీతిమంతుడా?

పుదుచ్చేరి పట్టణములో జింకలు తిరుగు అడవి లేదు. తూర్పున బంగాళాఖాతము, పడమట చెరువులు, పొలములు, నడుమ ఫ్రెంచివారి కాలమున గీత గీసినట్లు వేయబడిన వీధులు. అయినను వేటను గూర్చిన ప్రశ్న ఒకటి ఆ ప్రాంతపు ప్రభుత్వ కాగితములలోనే వ్రాయబడియున్నది. 2016వ సంవత్సరము డిసెంబరు మాసమున పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమునకు షెడ్యూల్డు తెగల జాబితా ప్రకటింపబడెను. అందులో కనబడునది ఒక్క తెగయే. అది ఇరులర్ తెగ. ఆ పేరు ప్రక్కన విల్లి, వేట్టైక్కారన్ అను మరి రెండు పేర్లు చేర్చబడినవి. మొదటిది విల్లు పట్టినవానిని, రెండవది వేటగానిని తెలుపు తమిళ పదములు. తెలుగువాని చెవికి ఈ రెండును పరాయి మాటలు కావు. నెల్లూరు ప్రాంతపు యానాదుల జీవితమును ఎరిగినవారికి ఈ జనుల బ్రదుకుకూడ పరాయిది కాదు. నేడు వారి పేరులో విల్లు ఉన్నది గాని, వారి చేతిలో ఉండుటకు చట్టము ఒప్పదు.

విల్లు చేతబట్టి నేలపై నడచి వేటాడిన మనుష్యుని ఎట్లు ఎంచవలెను? అతడు నిర్దోషియైన ప్రాణిని చంపిన క్రూరుడా? లేక యంత్రబలముతో చంపువానికంటె నీతిమంతుడా? ఈ ప్రశ్న అడవిలో నివసించువారికి మాత్రమే చెందినది కాదు. మాంసము భుజించు ప్రతివానిని ఇది ఏదో యొకనాడు నిలువదీయును.

నేలపై నుండి చేయు వేటను మెచ్చుకొనువారు చెప్పు కారణము బలమైనదే. చెట్టుపై మంచె కట్టుకొని కూర్చున్నవాని వాసన జింకకు సులభముగా అందదు. రాత్రివేళ వాహనపు దీపకాంతిలో కన్నులు చెదరి నిలిచిన లేడికి పారిపోవు దారియే తోచదు. నేలపై నడచువాని సంగతి వేరు. గాలి వాటము మారినచో అతని వాసన ముందుగా పోయి జింకను హెచ్చరించును. ఎండుటాకు చప్పుడైనను అతని శ్రమ వ్యర్థమగును. వింటితో వేటాడువాడు ఇరువది ముప్పది గజముల దగ్గరకు చేరినగాని బాణము నమ్మకముగా తగలదు. గొట్టము మూతినుండి మందు దట్టించి పేల్చు నాటు తుపాకికి ఒక్కటే గుండు. అది తప్పినయెడల మరల దట్టించులోగా జింక కనుమరుగగును. కనుక ఇట్టి వేటలో మృగమునకు తప్పించుకొను అవకాశమున్నదనియు, మానవుడు తన బలమును తానే తగ్గించుకొనుచున్నాడనియు వారు వాదింతురు. 1887లో థియొడోర్ రూజ్వెల్టు మొదలగువారు అమెరికాలో స్థాపించిన వేటగాండ్ర సంఘము న్యాయమైన వేట అను ఈ భావమునకు ప్రచారము కల్పించెను. 1934లో ఆ దేశములోని విస్కాన్సిన్ రాష్ట్రము వింటితో జింకలను వేటాడువారికి ప్రత్యేకమైన ఋతువును ఏర్పరచెను.

ఈ వాదనలో సత్యము కొంత కలదు. శక్తి యుండియు దానిని పూర్తిగా ప్రయోగింపకుండుట సద్గుణమే. అయితే అంతమాత్రముచేత చంపుట న్యాయమగునా? రెండు పక్షములును ఒప్పుకొనినప్పుడే పందెము న్యాయమైనదందురు. జింక ఏ పందెమునకును ఒప్పుకొనలేదు. వేటగాడు ఓడినయెడల ఉత్తచేతులతో ఇంటికి పోవును. జింక ఓడినయెడల ప్రాణమే పోవును. దీనిని సరిసమానమైన పోటీ యనుట మాటల అలంకారమే.

మరియొక చిక్కు కలదు. పాత ఆయుధము జింకకు అవకాశమిచ్చుననుట నిజమే గాని, ఆ అవకాశము రెండు విధములుగా పనిచేయును. గురి తప్పిన బాణము జింకను విడిచిపెట్టవచ్చును. సగము తప్పిన బాణము దాని ప్రక్కలో దిగి, గంటలకొలది బాధపెట్టి, ఎవరికిని కానరాని పొదలో చంపవచ్చును. తన నేర్పును పరీక్షించుకొనుటకై వేటగాడు ఎన్నుకొనిన కష్టమునకు వెలను జింకయే చెల్లింపవలసి వచ్చును. చప్పుడును బట్టి బాణము విడిచిన దశరథుని కథను ఎరుగని తెలుగువాడు లేడు. ఆ రాజు నేలపైనే నిలిచెను, వింటితోనే కొట్టెను, అతని నేర్పు గొప్పది. ఏనుగు నీరు త్రాగుచున్నదని తలంచి అతడు కొట్టినది నీటికై వచ్చిన కుమారుని. నేర్పు ఉన్నచోట జాగ్రత్త కూడ ఉండునని చెప్పజాలము.

అంతేకాక, న్యాయమైన వేటకు నియమములు వ్రాసినవారెవరో కూడ చూడవలెను. 1877లో నీలగిరులలో దొరల వేట సంఘమొకటి ఏర్పడెను. 1879లో మద్రాసు ప్రభుత్వము ఆ కొండలలో వేటను నియంత్రించుటకు చట్టము చేసెను. కణుజులను కాలినడకన పొంచి కొట్టుటను దొరలు ఘనమైన వినోదముగా ఎంచిరి. వలలతోను ఉరులతోను పొట్టకొరకు మృగములను పట్టినవారిని మాత్రము దొంగవేటగాండ్రనిరి. ఆ నియమములచే అడవి మృగములకు కొంత రక్షణ కలిగినమాట కాదనరానిది. అయినను ఆకలి లేనివాడు ఆకలిగలవాని వేటకు నీతిని నిర్ణయించుట న్యాయమా?

పరిశుద్ధ గ్రంథము ఈ విషయమును వేరొక వైపునుండి చూచుచున్నది. జింక, దుప్పి మొదలగువాటిని తినదగిన జంతువులలో ధర్మశాస్త్రము చేర్చెను (ద్వితీ. 14:5). కాబట్టి వేట స్వభావముచేతనే పాపమని విశ్వాసి తీర్పు తీర్చజాలడు. అయితే లేవీయకాండము 17:13లో వేటగానికి ఒక ఆజ్ఞ కలదు. తినదగిన మృగమునైనను పక్షినైనను వేటాడి పట్టినవాడు దాని రక్తమును ఒలికించి మంటితో కప్పవలెను. ఆయుధమేదియని ఆ వచనము అడుగదు. దూరమెంత, గురి యెట్టిది, మృగమునకు అవకాశమిచ్చితివా అనియు అడుగదు. రక్తమును ఏమి చేసితివని మాత్రము అడుగును. రక్తము ప్రాణమునకు గుర్తు. ప్రాణము దేవునిది. మాంసము తినుటకు సెలవు పొందినవాడును ప్రాణమునకు యజమానుడు కాడు. అడవిలో ఏ యాజకుడును చూడనిచోట, ఒంటరిగా, చేతితో మన్ను తీసి అతడు ఆ సంగతిని ఒప్పుకొనవలసియుండెను. నేలపై నిలిచియుండుట చాలదు, నేలకు వంగవలెను. తలను, కొమ్ములను గోడకు తగిలించి చూపుకొను గర్వమునకును, రక్తమును మంటితో కప్పు వినయమునకును ఎంత దూరము!

ఆదికాండము 27వ అధ్యాయములో ఇస్సాకు ఏశావును పిలిచి, విల్లును అంబులపొదిని తీసికొని అడవికి పోయి, తనకిష్టమైన రుచిగల భోజ్యము తెమ్మని కోరెను. ఏశావు అడవిలో నుండగా, రిబ్కా మందలోని రెండు మేకపిల్లల మాంసమును వండి యాకోబు చేత పంపెను. ఇస్సాకు దానిని తిని, వేటమాంసమనియే తలంచెను. ఈ కథను సాధారణముగా యాకోబు మోసమును గూర్చి బోధింతురు. అయితే భోజనము చేసిన ముసలివానిని గూర్చియు ఆలోచింపవలెను. ఏ రుచికొరకు కుమారుని అడవికి పంపెనో, ఆ రుచిని అతని నాలుక గుర్తింపలేకపోయెను. మంద ఇంటి యొద్దనే ఉండెను గనుక ఆ వేట ఆకలివలన పుట్టినది కాదు, మక్కువవలన పుట్టినది. నేడును జింకమాంసమునకు చాటుగా వెలయిచ్చువాడు తరచుగా ఆకలిగొన్నవాడు కాడు. అడవిలో పట్టుబడువాడు బీదవాడు, విందులో కూర్చుండువాడు కలవాడు. కొట్టిన చేతిని గూర్చి మాత్రమే అడిగి, తిన్న నోటిని గూర్చి అడుగకుండుట సగము న్యాయము.

ఆకలి నిజముగా ఉన్నచోట ప్రశ్న మరింత కఠినమగును. తెలుగు దేశపు నల్లమలలో చెంచులు తరతరములుగా విల్లమ్ములతో అడవిలో బ్రదికినవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1991 సవరణతో అనుమతిపత్రముపై సాగుచుండిన వేట కూడ ముగిసెను. 2006 నాటి అటవీ హక్కుల చట్టము తేనె, గడ్డలు మొదలగు ఫలసాయముపై అడవిబిడ్డల హక్కును అంగీకరించెను గాని, వేటాడు హక్కును స్పష్టముగా మినహాయించెను. దీనికి కారణము లేకపోలేదు. అడవులు కుదించుకుపోయినవి. పులికి జింకయే ఆహారము గనుక జింక తరిగినచోట పులియు నిలువదు. సృష్టిని కాపాడు చట్టమునకు లోబడుట విశ్వాసికి తగినదే (రోమా. 13). అయినను ఆ చట్టము భారమును అందరిపై సమానముగా మోపలేదు. పట్టణవాసి దానికొరకు ఏమియు విడువలేదు. విల్లు పట్టినవాడు తన అన్నమునే విడిచెను. అడవులను నరికి రహదారులు, కర్మాగారములు కట్టుకొనిన సమాజము, మిగిలిన జింకలను కాపాడు బాధ్యతను అందరికంటె బీదవాని పళ్ళెములోనుండి తీర్చుకొనెను.

ఈ అన్యాయమునకు విరుగుడు కేవలము జాలి కాదు. పుదుచ్చేరికి ఉత్తరమున, చెన్నపట్టణము దారిలోని తీరప్రాంతమున 1978లో ఇరులర్ల పాములు పట్టువారి సహకార సంఘము ఏర్పడెను. అంతకుముందు వారు పాములను చంపి చర్మములు అమ్మి జీవించిరి. ఆ వ్యాపారము నిషేధింపబడినప్పుడు వారి నేర్పు పనికిరానిదైనట్లు తోచెను. రోములస్ విటేకర్ మొదలగువారి పూనికతో అదే నేర్పు మరియొక పనికి తిరిగెను. జాడ చూచి పామును సజీవముగా పట్టుదురు, కొన్ని వారములు ఉంచి విషము తీయుదురు, మరల అడవిలో విడిచిపెట్టుదురు. పాముకాటునకు ఇచ్చు విరుగుడు మందునకు వలసిన విషములో పెద్దభాగము దేశమునకు అక్కడనుండియే లభించుచున్నది. 2023లో ఇరులర్లైన వడివేల్ గోపాల్, మాసి సడైయన్ అను ఇరువురు పాములు పట్టువారికి పద్మశ్రీ ప్రకటింపబడెను. చంపుటకు నేర్చిన కన్ను బ్రదికించుటకు ఉపయోగపడెను. ఎవరును వారిని చదువురానివారని త్రోసివేయక, వారి చేతిపనికి విలువ కట్టినందున ఇది సాధ్యమాయెను. అయినను ఒక్క సహకార సంఘము ఒక జాతికంతటికి అన్నము పెట్టజాలదు. తమిళనాట ఇటుక బట్టీలలోను బియ్యపు మిల్లులలోను వెట్టిచాకిరినుండి విడిపింపబడినవారిలో ఇరులర్ కుటుంబములు ఎన్నియో కలవు. విల్లు విడిచిన చేతికి సంకెల దొరకుట నాగరికత అనిపించుకొనదు.

నేలపై నిలిచి వేటాడువాడు నీతిమంతుడా? నిలిచిన చోటును బట్టిగాని, పట్టిన ఆయుధమును బట్టిగాని ఎవడును నీతిమంతుడు కాడు. అవసరమునకు మించి తీసికొనక, బాధను పొడిగింపక, తీసిన ప్రాణము తనది కాదని ఒప్పుకొనినవాడు ఒకనాడు నిర్మలమైన చేతులతో వేటాడియుండవచ్చును. నేడు ఈ దేశమున ఆ విల్లు దింపబడినది, దింపబడుటయే మేలు. కాని లెక్క ఇంకను తీరలేదు. జింక బ్రదికినందుకు సంతోషించు ప్రతి విశ్వాసియు, దానిని విడిచిపెట్టినవాని పిల్లలు ఈ రాత్రి ఏమి తినిరో అడుగవలెను. వారికి రావలసిన ధ్రువపత్రము, బడి, ఇంటిస్థలము అందినవో లేదో విచారింపవలెను. కార్యాలయపు మెట్లయొద్ద దరఖాస్తు వ్రాయుట రాక నిలిచినవానికి ఒక గంట కాలము ఇచ్చుట ఏ సంఘమునకును అసాధ్యము కాదు. రక్తమును మంటితో కప్పుమని వేటగానికి ఆజ్ఞాపించిన దేవుడు, ఆకలిగొనినవానికి నీ ఆహారము పెట్టుమని పట్టణవాసికిని ఆజ్ఞాపించెను (యెషయా 58:7).