వెలయును విలువయును

ప్రతి వస్తువునకును వెల యొకటి, విలువ యొకటి కలవు. వెలను విక్రేత నిర్ణయించును. విలువను వినియోగించువాని జీవితము నిర్ణయించును. ఈ రెంటిని వేరుచేసి చూడగల బుద్ధియే వివేకము. కఠోపనిషత్తులో యముడు నచికేతునకు బోధించిన శ్రేయఃప్రేయోవిచారము అరణ్యవాసులకే కాదు, అంగడికి పోవు గృహస్థునకును అవసరమే.

2008లో ఐఫోను మన దేశపు విపణికి వచ్చినప్పుడు దాని వెల 31,000 రూపాయలు. 2025లో వెలువడిన ఐఫోను 17 ప్రో కనీసపు వెల 1,34,900 రూపాయలు. రూపాయి విలువ తగ్గుట, సకల వస్తువుల ధరలు పెరుగుట, 2020 ఏప్రిలు నుండి ఫోనులపై పన్ను 12 శాతమునుండి 18 శాతమునకు హెచ్చుట ఇందుకు కొంతవరకు కారణములు. కాని వెల ఏల పెరిగెనో తెలిసినంత మాత్రమున కొనుట అవసరమని తేలదు.

రాయపూరు రాజధానిగా గల ఛత్తీస్‌గఢ్‌ను ధాన్యపు గిన్నె యని పిలుతురు. ఆ గిన్నెతోనే ఈ వెలను కొలిచి చూడవచ్చును. 2023-24 పంటకాలమున అచటి ప్రభుత్వము ఎకరమునకు 21 క్వింటాళ్ల వరకు, క్వింటాలు 3,100 రూపాయల చొప్పున వడ్లు కొనెను. 2024 జనవరిలో వెలువడిన గెలాక్సీ ఎస్24 అల్ట్రా వెల 1,29,999 రూపాయలు. అనగా రెండెకరముల వడ్లు, విత్తనము, ఎరువు, కూలి ఖర్చులు తీసివేయకమునుపే, అరచేతిలో ఇముడు ఒక్క పలకకు సరిపోవుచున్నవి!

ఇట్లని సాధనమును నిందింపరాదు. ఆ రాష్ట్రముననే 2018లో సంచార్ క్రాంతి యోజన క్రింద స్త్రీలకును విద్యార్థులకును ఫోనులను ఉచితముగా పంచిరి. దూరముననున్న బిడ్డ కంఠము వినుటకు చౌకఫోనైనను చాలును. 2016లో వచ్చిన యూపీఐ ద్వారా పంపిన నూరు రూపాయలు ఏ ఫోనునుండి పోయినను నూరే. ఛాయాచిత్రములు తీసి జీవించువానికి మేలైన కెమెరా పనిముట్టు. పొరుగువానికి చూపుటకై కొనువానికి అదే అలంకారము. ఎస్24 శ్రేణికి ఏడేండ్ల వరకు నవీకరణములు ఇత్తుమని తయారీదారులు మాట ఇచ్చిరి. ఏడేండ్లు వాడువానికి ఖర్చు ఏటికి సుమారు 18,600 రూపాయలు. రెండేండ్లకే మార్చువానికి, పాతదానిని అమ్మిన సొమ్ము లెక్కింపనిచో, 65,000. వస్తువొక్కటే, తృప్తి గలవానికి చౌక, చపలునకు ప్రియము.

భాగవతము ఏకాదశస్కంధమున అవధూత కురరపక్షిని తన గురువులలో నొకటిగా చెప్పెను. మాంసఖండమును పట్టుకొన్నంతసేపు ఇతర పక్షులు దానిని పొడిచినవి; విడిచిన క్షణమున దానికి సుఖము లభించెను. అప్పుచేసి ప్రియమైన ఫోను కొన్నవాని స్థితియు నిట్టిదే. పడిపోవునేమో యని యొక భయము, పోవునేమో యని యొక భయము, నెలనెలా వాయిదా యొక పోటు. ఇంతలో క్రొత్తది వచ్చి చేతిలోనిదానిని పాతదానిగా చేయును. పోల్చుకొనుటవలన పుట్టిన కోరికకు తుది లేదు.

1877లో బాలుడైన నరేంద్రుడు, ముందుముందు వివేకానందస్వామి కానున్నవాడు, తండ్రి విశ్వనాథదత్తుని కడకు రాయపూరు చేరి సుమారు రెండేండ్లచట గడపెను. తనకై ఏమి కూడబెట్టితిరని ఆతడొకప్పుడు తండ్రి నడుగగా, పోయి అద్దములో చూచుకొమ్మని ఆయన బదులిచ్చినట్లు జీవితచరిత్రలు తెలుపుచున్నవి. కళాశాలలో చేరు కుమారుడు కోరిన ఫోను కొనియీయలేక నొచ్చుకొను తండ్రులకు ఈ మాట ఊరట. ఆరోగ్యము, విద్య, శీలము ఇచ్చినవాడు బిడ్డకు ఏమియు ఇయ్యనివాడు కాడు. కుమారుడును ఆ నల్లని పలక వెలుగక ముందు అందు కనబడు తన ముఖమునే యొకసారి చూచుకొనవలెను. తనకు కావలసినది పనియా, పదిమంది చూపా యని తేల్చుకొన్న పిమ్మట అంగడికి పోయినచో, ఎంత పెట్టవలెనో వానికే తెలియును.